పెరిగిన గాజు

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం గన్నవరంలోని మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఒక పెద్దావిడ దిగారు. డెబ్బై అయిదేళ్ళు ఉంటాయి. నేత చీర, భుజానికి గుడ్డసంచి. గేటు కడ్డీ పట్టుకుని నిలబడి, "గాజుల రంగయ్యగారి అబ్బాయి ఇల్లు ఇదేనాండీ?" అని అడిగారు. నేను మొక్కలకి నీళ్ళు పెడుతున్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి కనుక ఈ వీధిలో అందరికీ నేను మాస్టారినే. మా నాన్న పేరు పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరు లేరు. "అవునండీ" అంటే సరిపోయేది. కానీ నా నోట్లోంచి "మీరెవరండీ?" అనే మాట వచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం నాకు పాత అలవాటు. ఆ అలవాటు మొదటిసారి ఎక్కడ బయటపడిందో, దానికి మా నాన్న ఏం పోగొట్టుకున్నారో ఇప్పుడైనా రాయాలి. ఆవిడ వచ్చి వెళ్ళాక ఇక రాయకుండా ఉండే దారి కూడా లేదు.

మా నాన్నకి పామర్రు సెంటర్లో గాజుల కొట్టు ఉండేది. బెజవాడ నుంచి బందరు పోయే బస్సులు ఆగే చోటికి నాలుగు కొట్ల అవతల, రెండు తలుపుల వెడల్పున, చెక్క పలకల మూతతో. గోడల నిండా కర్రలకి ఎక్కించిన గాజులు. కింద గాజు పెట్టెలో రిబ్బన్లు, పిన్నులు, తిలకం సీసాలు, సవరాలు. కొట్టు పెట్టక ముందు ఆయన మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారట. మలారం అంటే గాజుల్ని తాళ్ళకి బారుగా గుచ్చి గుడ్డలో చుట్టిన పొడవాటి మూట. కొట్టు పెట్టాక కూడా దాన్ని మేకుకి తగిలించి ఉంచారు. పెళ్ళికో సీమంతానికో ఎవరైనా కబురు చేస్తే దులిపి భుజాన వేసుకునేవారు. "కొట్టుకొచ్చే మనిషికి కొట్టు. ఇంటికి రమ్మన్న మనిషికి మలారం. రమ్మని పిలిచినాక చేతిసంచితో పోతే ఏం మర్యాదరా?" అనేవారు.

ఆయన పదిహేను రోజులకోసారి బెజవాడ వన్‌టౌన్ వెళ్ళి సరుకు తెచ్చేవారు. మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో పెట్టెలు విప్పడం. ఫిరోజాబాదు నుంచి వచ్చిన చెక్కపెట్టెలు. మేకులు ఊడబీకగానే లోపలి ఎండుగడ్డి వాసన ఇల్లంతా కమ్మేది. మా ప్రాంతపు వరిగడ్డి వాసన కాదది, ఇంకేదో ఊరి దుమ్ము కలిసిన వాసన. అమ్మ నవారు మంచం మీద దుప్పటి పరిచేది. పొయ్యి మీద మినపరొట్టె మాడుతూ ఉండేది. నాన్న గాజుల్ని ఒక్కొక్కటే వేలికి తగిలించుకుని, బొటనవేలి గోటితో చిన్నగా తట్టేవారు. మంచి గాజు ఖంగుమనేది. కంటికి కనపడని బీట ఉన్న గాజు టక్కుమని ఊరుకునేది. అలా ఊరుకున్నదాన్ని పక్కన పెట్టేవారు. కళ్ళు మూసుకుని గంటసేపు తట్టుతూ కూర్చునేవారు. అమ్మ రొట్టె తెచ్చి ముందు పెట్టి, "చల్లారిపోతంది, కళ్ళు తెరవండి" అంటే, "కళ్ళతో చూస్తే అన్నీ బాగానే ఉంటయ్యే" అనేవారు.

ఇక గాజులు తొడగడం. ఆ పని చూడ్డానికే కొందరు వచ్చేవారు. నాన్న చేతిని చూసి రెండుంపావో రెండున్నరో కొలత చెప్పేసేవారు. ముక్కాలి పీట మీద ఆ మనిషిని కూర్చోబెట్టి, చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేలి మొదట్లో కణుపుని నెమ్మదిగా నొక్కుతూ ఏదో ఒక కబురు మొదలుపెట్టేవారు. ముఖం వంక చూసేవారు కాదు. ఆయన చూపంతా చేతి మీదే. "ఈ చెయ్యి పెసరట్లు తిరగేసి తిరగేసి గట్టిపడిపోయిందమ్మా. ఇంట్లో నలుగురు మగపిల్లలా?" అంటే, "నలుగురు కాదు రంగయ్యా, అయిదోవాడు మా ఆయన" అని ఆవిడ నవ్వేది. మనిషి నవ్వినప్పుడు చెయ్యి ఒక క్షణం వదులవుతుంది. ఆ క్షణంలో గాజు మణికట్టు మీద ఉండేది. నొప్పి తెలిసేలోపు డజను అయిపోయేవి. డజను మీద ఇంకొకటి ఊరికే తొడిగేవారు. ఆడమనిషి చేతికి లెక్క సరిపోయిందని ఆగకూడదనేవారు.

మా కొట్లో 'పగలడం' అనే మాట లేదు. ఎప్పుడో ఒకసారి గాజు చిట్లితే "పెరిగింది" అనాలి. దీపం ఆరితే కొండెక్కిందంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. గాజు పగిలితే పెరిగిందంటాం. పెరిగిన ముక్కలకి చీపురు తగలనిచ్చేవారు కాదు. చేత్తో ఏరి ఒక డబ్బాలో వేసి, నిండాక కాలవలో కలిపి వచ్చేవారు. కాలవ దగ్గరికి ఆయన వెనక నేనూ వెళ్ళేవాణ్ణి. ఎర్రవీ పచ్చవీ ముక్కలు నీళ్ళలోకి జారుతుంటే ఆయన ఏదో గొణిగేవారు. ఏమిటో ఎప్పుడూ అడగలేదు.

నన్ను "ఒరే చిన్నోడా" అని పిలిచేవారు. నాకంటే ముందు పుట్టినవాడు ఏడాది నిండకుండానే పోయాడట. తర్వాత నేనొక్కణ్ణే. అయినా నేను చిన్నోణ్ణే. లేని పెద్దోడికి ఆ పిలుపులో చోటు ఉంచారని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. కొట్లోంచి కేక వేస్తే బస్టాండులో ఉన్న నాకు వినపడేది. "ఒరే చిన్నోడా! అమ్మ అన్నానికి పిలుస్తందిరా!" బస్సు కిటికీల్లోంచి జనం తొంగి చూసేవారు.

నాకు సిగ్గు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. హైస్కూల్లో ఎవడైనా పందెంలో వెనక్కి తగ్గితే, "చేతికి గాజులు తొడుక్కున్నావా?" అని ఎగతాళి చేసేవారు. నా వంతు వచ్చేసరికి దానికి ఇంకో తోక కలిసేది. "వీడికి బయట కొనక్కర్లేదురోయ్, ఇంట్లోనే బోలెడున్నాయ్!" ఒకడు మరీ ముందుకెళ్ళి, "మీ నాన్న ఊళ్ళో ఆడాళ్ళందరి చేతులూ పట్టుకుంటాడంట గదరా" అన్నాడు. వాణ్ణి కొట్టాను. కొట్టినందుకు మాస్టారు నన్ను కొట్టారు. ఇంటికొచ్చి నాన్నకి ఏమీ చెప్పలేదు గానీ, ఆ రోజు నుంచి కొట్టు ముందు నుంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. అక్కడితో పోయేదే. కానీ దాన్ని పోనివ్వకుండా పెంచుకున్నది నేనే.

బెజవాడలో డిగ్రీలో చేరాక, గవర్నరుపేటలో ఇద్దరు కుర్రాళ్ళతో కలిసి గది తీసుకున్నాను. మీ నాన్నగారేం చేస్తారని అడిగితే, "ఫ్యాన్సీ గూడ్స్ బిజినెస్" అన్నాను. అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోటికొచ్చింది. వన్‌టౌన్ వచ్చినప్పుడల్లా నాన్న నాకు క్యారియరు తెచ్చేవారు. గోంగూర పచ్చడి, చేపల పులుసు, పైన అరటాకులో చుట్టిన రొట్టె. రెండోసారి వచ్చినప్పుడు, "గదికి రావద్దు నాన్నా, ఇల్లుగలాయన ఊరుకోడు. కింద మెస్సులో ఇచ్చెయ్" అన్నాను. ఇల్లుగలాయన ఎప్పుడూ ఏమీ అనలేదు. "అట్నే లేరా, చదువుకునేచోట మనకేం పని" అన్నారు. ఆ తర్వాత చదువు అయిపోయేదాకా ఆయన ఆ మెట్లెక్కలేదు.

ఒకసారి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు కొట్లో నా మోచెయ్యి తగిలి కర్ర ఒరిగి నాలుగు గాజులు కింద పడ్డాయి. "నాన్నా, నాలుగు పగిలాయి" అన్నాను, కావాలనే. అప్పటికి నేను కొన్ని పుస్తకాలు చదివి ఉన్నాను.

"పెరిగినయ్యనరా" అన్నారు.

"పగిలినదాన్ని పెరిగిందంటే అతుక్కుంటుందా?"

గాజులు కొనడానికి వచ్చి కూర్చున్న ముసలమ్మ నా వంక విడ్డూరంగా చూసింది. నాన్న నవ్వారు. "అతుక్కోదురా. ఇనేవాళ్ళ మనసు చిట్లకుండా ఉంటది, అంతే" అని వంగి ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. నేను వంగలేదు.

నా స్నేహితుల్లో మోహన్ ఇల్లు పటమటలో. పెద్ద డాబా, ముందు కారు, వాళ్ళ నాన్నగారికి లారీలుండేవి. మోహన్ మంచివాడు. ఆదివారాలు నన్ను భోజనానికి లాక్కుపోయేవాడు. వాళ్ళమ్మగారు అడిగి అడిగి వడ్డించేవారు. మోహన్ అక్క పద్మ పెళ్ళయి నెల్లూరు వైపు వెళ్ళింది. ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చారు. సీమంతం నాడు కుర్చీలు వెయ్యడానికి, నీళ్ళు అందించడానికి నేనూ వెళ్ళాను. నాకు తెలియనిదల్లా ఒక్కటే. మోహన్ వాళ్ళమ్మగారి పుట్టిల్లు పామర్రు పక్క పల్లెటూరు. ఆవిడ పెళ్ళికి గాజులు తొడిగింది మా నాన్న. కూతురి సీమంతానికీ ఆ చెయ్యే కావాలని కబురు చేసి పిలిపించారు.

నేను వరండాలో మోహన్‌తో మాట్లాడుతున్నాను. గేటు చప్పుడైంది. తెల్లటి పంచె, అమ్మ గంజి పెట్టిన చొక్కా, భుజాన మలారం. మెట్లెక్కుతూ తలెత్తి నన్ను చూశారు. ఆయన ముఖం అంతలా విప్పారడం నేను చాలా తక్కువసార్లు చూశాను. "ఒరే చి..." అన్నారు.

నేను చూపు తిప్పేసుకున్నాను. అంతే చేశాను. తల కూడా అడ్డంగా ఊపలేదు. కానీ ఆ చూపులో ఏముందో మనుషుల చేతులు చూసి కబుర్లు చెప్పే మనిషికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది? పిలుపు సగంలో ఆగింది. దాన్ని దగ్గుగా మార్చుకుని, కండువాతో నోరు తుడుచుకుని, "అమ్మగారున్నారాండీ?" అని మోహన్‌ని అడిగారు.

హాల్లో పీటల మీద పద్మక్కని కూర్చోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు. మేమిద్దరం గుమ్మం పక్కన నిలబడ్డాం. నాన్న మలారం విప్పి ఆకుపచ్చ గాజులు తీసి ఒక్కొక్కటే గోటితో తట్టారు. హాలంతా ఖంగు ఖంగుమని మోగింది. కుడిచెయ్యి అయిపోయింది. "ఈ చెయ్యికి మెట్టినింటి నీళ్ళు ఇంకా అలవాటు పడలేదమ్మా. అక్కడ అంట్లు తోమనివ్వట్లేదా ఏంటి?" అంటే పద్మక్క నవ్వింది. అత్తగారి తరఫు ఆవిడ, "మా ఇంట్లో పనిమనిషి ఉందయ్యా!" అంటే అందరూ గొల్లుమన్నారు. ఆయన మామూలుగానే ఉన్నారు. నాకు ఊపిరి ఆడింది. గండం గడిచిందనుకున్నాను.

ఎడమచెయ్యి మొదలుపెట్టారు. నాలుగో గాజో అయిదో గాజో. అప్పుడు మోహన్ వాళ్ళమ్మగారు నన్ను చూసి, "అన్నట్టు రంగయ్యా, ఈ అబ్బాయి శేషగిరి. మా మోహన్‌తో చదువుతున్నాడు. ఇతనిదీ మీ పామర్రేనంట. ఎరుగుదువా?" అన్నారు.

నాన్న తలెత్తి నా వంక చూశారు. జవాబు నాకే వదిలిపెట్టారు. ఆ కళ్ళలో కోపం లేదు. వేడుకోలు కూడా లేదు. ఎదురుచూస్తున్నారు, అంతే. పద్మక్క చెయ్యి ఆయన చేతుల్లో ఉంది.

"నాకు తెలీదండీ" అన్నాను. "మా ఇల్లు సెంటరుకి దూరం."

టక్కుమని చప్పుడైంది.

పద్మక్క మణికట్టు మీద సన్నగా నెత్తురు చిమ్మింది. కడుపుతో ఉన్న పిల్ల, సీమంతం పీటల మీద. అత్తగారి తరఫు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మోహన్ వాళ్ళమ్మగారు గబగబా ముందుకొచ్చారు. "ఏంటి రంగయ్యా ఇది! నీ చేతిలో ఏనాడూ ఇట్లా జరగలేదే!"

"పెరిగిందమ్మా" అన్నారు నాన్న. "పెరిగింది. నా చెయ్యి జారింది. పాప చెయ్యి తప్పు లేదు, గాజు తప్పూ లేదు. నా చెయ్యే." కండువా కొంగు చించి పద్మక్క మణికట్టుకి చుట్టారు. మిగిలిన గాజులు ఒక పెద్ద ముత్తయిదువ చేతికిచ్చి తొడగమన్నారు. నా పక్కన మోహన్ మెల్లగా, "పెద్దాయనకి చూపు ఆనట్టు లేదురా" అన్నాడు. "అయ్యుంటుంది" అన్నాను. ఈ ఒక్క మాటైనా అనకుండా ఉండాల్సింది. దీన్ని ఎవరూ నా చేత బలవంతంగా అనిపించలేదు.

నాన్న నేల మీద కూర్చుని ముక్కలు ఏరుతున్నారు. ఒక్కొక్కటీ ఏరి కండువా మడతలో వేసుకుంటున్నారు. జరుగుతూ జరుగుతూ గుమ్మం దాకా వచ్చారు. నా పాదాల దగ్గర ఆగారు. తల పైకెత్తలేదు.

"బాబుగారూ, కాలు కాస్త అటు జరుపుతారా? గాజుముక్క ఉందండీ. గుచ్చుకుంటది" అన్నారు.

నేను కాలు జరిపాను.

భోజనం చేసి వెళ్ళమంటే బస్సు వేళయిందని వెళ్ళిపోయారు. బందరు బస్సులు అరగంటకొకటి ఉండేవి. నేను మాత్రం పంక్తిలో కూర్చుని భోంచేశాను. పూర్ణాలు రెండుసార్లు వేయించుకున్నానని గుర్తు. ఎందుకు గుర్తుండిపోయిందో తెలియదు. అయినా అది మరచిపోయే హక్కు నాకు లేదనే అనుకుంటాను.

తర్వాతి సెలవులకి ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో దారిపొడవునా క్షమాపణ మాటలు కూర్చుకున్నాను. ఆయన తిడతారేమో, అమ్మకి చెప్పి ఉంటారేమో అనుకున్నాను. అమ్మకి ఏమీ తెలియదు. నాన్న మామూలుగానే నవ్వారు. "రావడం ఇప్పుడేనా? అన్నం తినడం అయిందా?" అన్నారు. మొదటిరోజు నాకు తేడా తెలియలేదు. రెండోరోజు తెలిసింది. "నిద్ర పట్టిందా?" "ప్రయాణం ఎప్పటికి?" "చదువు బాగా సాగుతోందా?" ఆ మాటల్లో నువ్వు లేదు, మీరు లేదు. ఒరే లేదు, చిన్నోడా లేదు. మన భాషలో మనిషిని పిలవకుండానే మనిషితో మాట్లాడే వీలుంది. కొత్తవాళ్ళని నువ్వనాలో మీరనాలో తేలనప్పుడు అందరం అలాగే నెట్టుకొస్తాం. కన్నకొడుకుతో అలా బతుకంతా నెట్టుకురావచ్చని నాకు అప్పుడే తెలిసింది. అందరి ముందూ నన్ను 'అండీ' అన్న నోటితో మళ్ళీ 'ఒరే' అనలేకపోయారో, అనే హక్కు నేను తీసేశాననుకున్నారో. సాధింపు మాత్రం కాదు. ఆయనకి సాధించడం చేతకాదు. అమ్మ ఒకసారి నవ్వుతూ, "కొడుకుతో కొత్తల్లుడితో మాట్లాడినట్టు మాట్లాడతారేంటండీ!" అంది. "పెద్దవాడవుతున్నాడు గదే" అన్నారు నాన్న.

ఇంకొకటి కూడా గమనించాను. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళకి అమ్మ గాజులు తొడుగుతోంది. "మా ఆయనకి చెయ్యి వణుకుతోందంటమ్మా" అని చెబుతోంది. కబురు పెట్టిన ఇళ్ళకి కూడా వెళ్ళడం మానేశారు. మలారం మేకు మీదే ఉండిపోయింది, దుమ్ము పట్టి. కానీ ఆయన సూదిలో దారం ఎక్కించడం నేను చూశాను. నిండు గ్లాసు కాఫీ తొణక్కుండా తెచ్చుకోవడం చూశాను. అమ్మకి గాజులు మార్చాల్సి వస్తే మాత్రం పెరట్లో పీట వేసి తనే తొడిగేవారు. ఒక్కటీ చిట్లేది కాదు. ఆ చెయ్యి వణకలేదు. ఆ చేతి మీద ఆయనకే నమ్మకం పోయింది. శుభానికని పిలిచిన ఇంట్లో, కడుపుతో ఉన్న పిల్ల దగ్గర నెత్తురు చూపించిన చెయ్యిని ఇంకొక ఆడబిడ్డకి తగిలించడం ఆయనకి ఇష్టం లేకపోయింది. చుట్టుపక్కల పది ఊళ్ళలో పేరున్న చెయ్యి. దాన్ని ఆపేసింది నా ఒక్క మాట.

చెప్పడానికి ప్రయత్నించలేదని కాదు. ఒకసారి నన్ను బస్సెక్కించడానికి సెంటర్లో నా పక్కన నిలబడ్డారు. "నాన్నా" అన్నాను. "ఊఁ" అన్నారు. "ఆ రోజు పటమటలో..." అన్నాను. ఆయన రోడ్డు వంక చూస్తూ, "బస్సొచ్చేసింది. తొందరగా ఎక్కడం మంచిది, సీటు దొరకదు" అన్నారు. నిజంగానే బస్సు వచ్చింది. నేను ఎక్కాను. ఆయన నాకు ఇబ్బంది తప్పించారు. నేను తప్పించుకున్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. కోడలికి గాజులు నాన్న తనే ఏరారు. నవారు మంచం మీద కళ్ళు మూసుకుని పూటంతా తట్టారు. తొడిగే వేళకి, "మీ అత్తయ్య తొడుగుతుందమ్మా" అని లేచి బయటికి వెళ్ళిపోయారు. మామగారికి తనంటే ఇష్టం లేదేమోనని నా భార్య చాలాకాలం బాధపడింది. కాదని చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు.

నా పెళ్ళయిన కొన్నేళ్ళకే ఒక పొద్దుటి పూట నాన్న, సరుకు పెట్టె మేకులు ఊడబీకుతూ పక్కకి ఒరిగిపోయారు. నేను స్కూల్లో ఉన్నాను. టెలిగ్రాం అంది, బస్సులు మారి వెళ్ళేసరికి ఆయన చుట్టూ ఎండుగడ్డి ఇంకా అలాగే ఉంది. ఎవరూ ఊడ్వలేదు. పదో రోజు మా మేనత్త, ఇంకో ఇద్దరు ముసలమ్మలు అమ్మని పెరట్లోకి తీసుకెళ్ళారు. మేనత్త చేతిలో రాయి ఉంది. అమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దు వదినా. ఆయన చేత్తో తొడిగినవి. ఇవి పెరగడానికి వీల్లేదు" అంది. సబ్బునీళ్ళు తెప్పించుకుని, ఆయన నొక్కినట్టే బొటనవేలి కణుపు నొక్కుకుంటూ, ఒక్కొక్కటే తనే తీసుకుంది. పదమూడూ పదమూడూ ఇరవయ్యారు. ఒక్కటీ చిట్లలేదు. అన్నిటినీ మలారం తాటికి గుచ్చి నా చేతికిచ్చింది. ఆ మలారం ఇప్పుడు మా అటక మీద ఉంది.

కొట్టు చేతులు మారి మారి ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆ మధ్య మనవరాలికి గాజులు కొనడానికి బెజవాడలో పెద్ద షాపుకి వెళ్ళాం. అద్దాల బల్ల మీద పెట్టెల్లో లోహపు గాజులు, ప్లాస్టిక్ గాజులు. పిల్ల తనే కొలత చూసుకుంది, తనే తొడుక్కుంది. షాపువాళ్ళెవరూ ఆ చేతిని ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన అవసరమూ లేదు. ఎవరికీ ఏదీ నొప్పి పుట్టదు, ఏదీ చిట్లదు. మంచిదే. నేను మాత్రం అలవాటు కొద్దీ ఒక గాజు తీసి గోటితో తట్టాను. అది ఏ చప్పుడూ చెయ్యలేదు. సేల్స్ అమ్మాయి, "ఏం కావాలి అంకుల్?" అంది. ఏమీ వద్దన్నాను.

గేటు దగ్గరికి వచ్చినావిడ పద్మక్క. లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక చెప్పింది. మోహన్ పోయాడట. పెద్దకర్మ అయ్యాక అతని కాగితాలు సర్దుతుంటే నా కూతురి శుభలేఖ దొరికిందట, దాని మీద నా అడ్రసు. నేను ఆ వార్త దిగమింగుకోక ముందే ఆవిడ సంచిలోంచి పాత సబ్బుపెట్టె తీసి మూత తెరిచింది. లోపల దూది మీద పసిపిల్లల నల్లగాజులు రెండు, తెల్ల చుక్కలవి.

"మీ నాన్నగారు తెచ్చారు తమ్ముడూ" అంది. "మా అమ్మాయికి మూడో నెలలో. పటమటకి వచ్చి వీధి గుమ్మంలోనే నిలబడి, తల్లీబిడ్డా కులాసానా అని అడిగారు. లోపలికి రమ్మంటే రాలేదు. పాపని తీసుకొచ్చి చూపిస్తే అప్పుడు కూర్చున్నారు. ఇవి మా అమ్మ చేతికిచ్చి తొడగమన్నారు."

"నాకు తెలీదక్కా" అన్నాను.

"నీకెలా తెలుస్తుంది? ఎవరికీ చెప్పొద్దన్నారు." సబ్బుపెట్టె మూత పెట్టింది. "అమ్మ లోపలికెళ్ళినప్పుడు నేనే అడిగాను. 'ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ అబ్బాయి మీ అబ్బాయే కదండీ' అని. నా చెయ్యి ఆయన చేతుల్లో ఉంది కదా తమ్ముడూ. నువ్వు తెలీదన్నావు చూడు, ఆ వేళ్ళు ఒక్కసారిగా చల్లబడిపోయాయి. నాకు అప్పుడే తెలిసిపోయింది."

నేను తలెత్తలేకపోయాను. "ఏమన్నారు?"

"'మా చిన్నోడేనమ్మా' అన్నారు. 'ఎవరితో అనకండి. చదువుకునేవాడు, ఆ వయసులో సిగ్గుంటది. ముందూ వెనకా చూడకుండా కేకెయ్యబోయాను, తొందర నాదే' అన్నారు."

చిన్నోడు. ఆ మెట్ల మీద సగంలో ఆగిపోయిన పిలుపులో మిగతా సగం యాభై ఏళ్ళ తర్వాత, వేరే మనిషి నోటి మీదుగా వచ్చి నన్ను చేరింది. ఇంకెప్పుడూ ఆయన నన్ను అలా పిలవలేదు. కానీ నా వెనక, పరాయి ఇంటి గుమ్మంలో, నేను ఇంకా చిన్నోణ్ణే. నన్ను తనవాడని చెప్పుకోవడానికి ఆయనకి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. తప్పు కూడా తనదే అనుకుని మోశారు. నా భార్య కాఫీ గ్లాసులతో వచ్చి, మా మాటలు వింటూ గుమ్మంలోనే ఆగిపోయింది. మామగారు తనకి గాజులు ఎందుకు తొడగలేదో ఆవిడకి ఆ పూటే తెలిసింది. గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నన్ను ఏదైనా అంటే బాగుండేది.

సాయంత్రం అవుతుండగా ఆటో వచ్చింది. పద్మక్కని గేటు దాకా సాగనంపాను. గాజులు తీసుకెళ్ళమంటే, "నా దగ్గర ఉండాల్సిన రోజులు అయిపోయాయి" అని సబ్బుపెట్టె నా చేతిలోనే పెట్టింది. ఆటో ఎక్కబోతూ ఆగి, నా వంక చూసి చిన్నగా నవ్వింది.

"వచ్చినప్పుడు ఒక మాట అడిగాను తమ్ముడూ. నువ్వింకా జవాబు చెప్పలేదు."

"అవునక్కా" అన్నాను. ఆటో చప్పుడులో ఆ మాట నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను, వీధిలోకి వినపడేలా. "అవును. గాజుల రంగయ్యగారి చిన్నోణ్ణి."

ఆటో డ్రైవరు ఒకసారి తిరిగి చూసి బండి తిప్పుకున్నాడు. పద్మక్క చెయ్యి ఊపింది. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. ఆ మాట మంచి గాజులా మోగిందో, బీటవారినదానిలా టక్కుమని ఊరుకుందో నాకు తెలియదు. ఆయనైతే కళ్ళు మూసుకుని, విని చెప్పేవారు.